కాలేజ్ ఫుట్‌బాల్: గీత దాటి బంతి విసిరితే తప్పేంటి? ‘ఇల్లీగల్ ఫార్వర్డ్ పాస్’ రూల్ ఇదీ.. 1982 నుంచి తెగని ఓ పంచాయితీ కూడా!

క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరాడు. అవతల ఆటగాడు గాల్లోకి ఎగిరి పట్టేశాడు. స్టేడియం ఊగిపోతోంది. అంతలో పచ్చిక మీద పసుపు జెండా పడింది. అంతే.. కష్టమంతా వృథా! అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ క్లిప్పులు చూసేవాళ్లకు ఈ సీన్ కొత్తేం కాదు. ఎందుకు రద్దు చేశారన్నదే అర్థం కాదు.

ఈ ఆటలో 10 గజాలు ముందుకెళ్లడానికి 4 ఛాన్సులుంటాయి. ఒక్కో ఛాన్స్‌ని ‘డౌన్’ అంటారు. ఒక డౌన్‌లో ముందుకు విసిరే పాస్ ఒక్కటే చెల్లుతుంది. అదీ బంతి ఎక్కడి నుంచి మొదలైందో ఆ గీత వెనక నుంచే విసరాలి. మన క్రికెట్‌లో నో-బాల్ గుర్తుందిగా? బౌలర్ ముందు పాదంలో కాస్త భాగం గీత వెనకున్నా బంతి చెల్లుతుంది. ఇక్కడా అంతే. విసిరేటప్పుడు ఒంట్లో ఏ కొంచెం గీతకు ఇవతల ఉన్నా ఓకే. మొత్తం శరీరం దాటేస్తే ఇల్లీగల్. ఒకసారి బంతితో పూర్తిగా దాటేసి, మళ్లీ వెనక్కొచ్చి విసిరినా కుదరదు.

శిక్ష ఏంటంటే.. తప్పు జరిగిన చోటు నుంచి 5 గజాలు వెనక్కి, పైగా ఆ డౌన్ పోయినట్టే. ఉదాహరణకి థర్డ్ డౌన్‌లో ఆట 30 గజాల దగ్గర మొదలైంది, 33 దగ్గర నుంచి విసిరాడు అనుకోండి. బంతి 28కి వస్తుంది, మిగిలేది ఆఖరి ఛాన్సే.

కిక్‌ఆఫ్ అందుకున్న టీమ్‌కైతే ముందుకు పాస్ ఒక్కటి కూడా లేదు. పక్కకు, వెనక్కి మాత్రం ఎన్నిసార్లైనా ఇచ్చుకోవచ్చు. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. పాస్ ముందుకెళ్లిందా లేదా అన్నది ఆటగాడి చేతిని బట్టి కాదు, మైదానాన్ని బట్టి చూస్తారు. బంతి వదిలిన చోటు కంటే ముందు ఎవరికైనా, దేనికైనా తగిలితే అది ఫార్వర్డే. ఫుల్ స్పీడ్‌లో పరుగెడుతూ వెనక్కి వేశాననుకున్న బంతి కూడా ఆ వేగానికి ముందుకే వెళ్లిపోవచ్చు.

1982 నవంబర్ 20న బర్క్‌లీలో ఇదే పెద్ద రచ్చయింది. స్టాన్‌ఫోర్డ్ 20-19తో ఆధిక్యంలో ఉంది. మిగిలింది 4 సెకన్లు. కిక్‌ఆఫ్ అందుకున్న కాలిఫోర్నియా ఆటగాళ్లు 5 సార్లు బంతిని చేతులు మార్చారు. ఆట అయిపోయిందనుకుని స్టాన్‌ఫోర్డ్ బ్యాండ్ మైదానంలోకి వచ్చేసింది! చివరికి మారియెట్ ఫోర్డ్ వెనక్కి చూడకుండానే భుజం మీదుగా బంతి వేశాడు. కెవిన్ మోయెన్ దాన్ని అందుకుని, బ్యాండ్ వాళ్ల మధ్య నుంచి దూసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. స్కోరు 25-20.

ఆ ఐదో పాస్ ముందుకెళ్లిందన్నది స్టాన్‌ఫోర్డ్ అభిమానుల వాదన. అంతకు ముందే ఒక ఆటగాడి మోకాలు నేలకు తగిలిందన్నది ఇంకో ఫిర్యాదు. అంపైర్లు మాట్లాడుకుని టచ్‌డౌన్ ఇచ్చేశారు. కాలేజ్ ఫుట్‌బాల్‌కి రీప్లే రివ్యూ వచ్చింది 2004లో, అదీ ముందుగా బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లోనే. కాబట్టి అప్పట్లో మైదానంలో చెప్పిందే ఫైనల్. ఆ పాస్ ఫార్వర్డ్ అని తేలితే టచ్‌డౌన్ చెల్లేదే కాదు.

రికార్డుల్లో మాత్రం 25-20 మారలేదు. అయితే ఈ రెండు జట్ల మధ్య తిరిగే ‘యాక్స్’ ట్రోఫీ స్టాన్‌ఫోర్డ్ చేతికొచ్చినప్పుడల్లా, వాళ్లు దాని మీద ఆ మ్యాచ్ స్కోరును 20-19గా మార్చేస్తుంటారు. కాలిఫోర్నియా గెలిచి తీసుకెళ్లగానే మళ్లీ 25-20 అయిపోతుంది.