ఆవకాయలో ఈస్టుల పెరుగుదలపై ఉప్పు, ఉష్ణోగ్రతల ప్రభావం

ఖమ్మం జిల్లా సత్తుపల్లి నుండి అశ్వారావుపేట మీదుగా భద్రాచలం అటవీ సరిహద్దు వరకు గల గ్రామాలలో వేసవి వచ్చిందంటే ఆవకాయ పెట్టడం ఆనవాయితీ. మే నెలలో పెట్టిన పచ్చడి అప్పటికి బాగానే ఉండి, వానలు మొదలైన తరువాత తెల్లని పొర కట్టడం, నురగ తేలడం, పులిసిన వాసన రావడం కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. ఈ లోపాన్ని సాధారణంగా కాయకో, నూనెకో ఆపాదిస్తారు. తరచుగా దీనికి కారణం ఉప్పును తట్టుకొనే ఈస్టులు.

ఈస్టును నిరోధించేది పచ్చడి మొత్తంలోని ఉప్పు శాతం కాదు, అందులోని నీటిలో కరిగిన ఉప్పు గాఢత. ఉప్పు నూనెలో కరగదు. కిలో మామిడి ముక్కలలో సుమారు 850 గ్రాముల నీరు ఉంటుంది. దానికి 150 గ్రాముల ఉప్పు చేర్చితే 15 శాతం ఉప్పునీరు ఏర్పడుతుంది; దాని నీటి క్రియాశీలత దాదాపు 0.89. ఉప్పును 75 గ్రాములకు తగ్గిస్తే గాఢత 8 శాతానికి పడిపోతుంది. రొట్టె తయారీలో వాడే శాకరోమైసిస్ సెరవీసియే ఈస్టు పెరుగుదల 8 నుండి 10 శాతం వద్ద బాగా మందగిస్తుంది. డెబారియోమైసిస్ హన్సేని, జైగోశాకరోమైసిస్ రూక్సీ మాత్రం 15 శాతంలోనూ పెరుగుతాయి. ఇవి కణంలో గ్లిసరాల్‌ను కూడబెట్టుకొని నీటి నష్టాన్ని నివారించుకుంటాయి. అందుకు శక్తి ఖర్చవుతుంది గనుక ఉప్పు పెరిగేకొద్దీ పెరుగుదల నెమ్మదిస్తుంది.

ఇక్కడే ఉష్ణోగ్రత పాత్ర మొదలవుతుంది. డెబారియోమైసిస్‌కు 20 నుండి 25 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. 35 డిగ్రీలు దాటితే సాధారణంగా పెరగదు. కనుక మండు వేసవిలో అది అణగి ఉంటుంది, కాని పూర్తిగా నశించదు. వానలతో ఉష్ణోగ్రత తగ్గగానే తిరిగి పుంజుకుంటుంది. పైగా 15 శాతం ఉప్పునీరు, గాలిలో తేమ 89 శాతం దాటినప్పుడు తేమను పీల్చుకుంటుంది. తరచుగా మూత తీసే జాడీలో పైపొర ఆ విధంగా పలచబడుతుంది. తడి గరిటె ఆ నష్టాన్ని మరింత పెంచుతుంది.

జున్నును ఉప్పునీటిలో ఊరబెట్టి చీజ్ తయారుచేసే దేశాలలో ఇదే డెబారియోమైసిస్ మేలు చేస్తుంది. అది లాక్టిక్ ఆమ్లాన్ని వినియోగించుకొని పైభాగపు ఆమ్లతను తగ్గించడం వలన, చీజ్‌ను పక్వం చేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆవకాయలో ఆమ్లత తగ్గితే బూజులకు, చెడగొట్టే బ్యాక్టీరియాకు దారి ఏర్పడుతుంది. ఒకే జీవి ఒకచోట సహాయకారి, మరొకచోట హానికారి.

విస్తరణ కార్యకర్తలు మహిళా సంఘాలకు ఈ అంశాలను వివరించవలసి ఉంటుంది. ముక్కలను కడిగిన తరువాత తడి పూర్తిగా ఆరనివ్వాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చెమ్మగిల్లి, తూకంలో నీరు కలుస్తుంది. కనుక ఎండబెట్టిన ఉప్పునే తూచాలి. మూడవ రోజున తిరగకలపడం వలన ఉప్పు అంతటా సమంగా సర్దుకుంటుంది. ముక్కలపై నూనె తేలి ఉండాలి. అది గాలిని అడ్డుకొని తెల్లని పొరను నివారిస్తుంది, కాని గాలి లేకుండానే పులియబెట్టే ఈస్టులను ఆపలేదు. రక్తపోటు దృష్ట్యా ఉప్పు తగ్గించదలచినవారు ఆ పచ్చడిని శీతల యంత్రంలో నిలువ చేసి, త్వరగా వాడుకోవాలి. ఏడాది పాటు బయట నిలువ ఉండవలసిన ఆవకాయలో ఉప్పు తగ్గించడం కంటే, తినే పరిమాణాన్ని తగ్గించుకోవడం క్షేమకరం.