అంతర్జాల శోధనయందు పదస్థాన పరిశీలనము

నిఘంటువులను, కావ్యములను, శాసనపాఠములను అంతర్జాలమున నిలుపు పని విశ్వవిద్యాలయములలోను వెలుపలను సాగుచున్నది. అట్లు నిలిపినది పాఠకునకు చేరినదా యని యడిగినచో, "మా వెబ్‌సైటు గూగుల్‌లో మూడవ స్థానమున వచ్చుచున్నది" యని సమాధానము వినవచ్చుట కలదు. మూడవ స్థానమనగా నేమి? ఏ పదమునకు? ఎవరికి? ఏనాడు? ఈ ప్రశ్నలకు ఉత్తరము లేనిచో ఆ సంఖ్యకు ప్రమాణత్వము లేదు. ఇట్టి సంఖ్యనుబట్టియే ఒక పథకమును కొనసాగించుటయో మానుటయో నిర్ణయింపబడవచ్చును గనుక దీనిని కొంత విచారింపవలసియున్నది.

శోధనయంత్రము మనమడిగిన క్షణమున లోకమందలి పుటలన్నిటిని వెదకదు. అది ముందుగనే పుటలను చదివి, ఏ పదము ఏ పుటయందున్నదో సూచిక కూర్చుకొనియుండును. గ్రంథాంతమునందలి పదసూచికకును దీనికిని తత్త్వమున భేదము లేదు. అడిగినప్పుడు సూచికనుండి పుటలను తీసి వరుసపెట్టును. ఈ వరుసకు తొలినాళ్ల ప్రసిద్ధసూత్రము, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు 1998లో ప్రకటించిన పేజ్‌ర్యాంకు. ఒక పుటకు ఎన్ని పుటలనుండి లంకెలున్నవి, ఆ లంకెలిచ్చు పుటలకు ఎంత గౌరవమున్నది యను లెక్కయే అది. లక్షణగ్రంథములలో తఱచుగా ఉదాహృతుడగు కవికి ప్రతిష్ఠ కలుగుటవంటిది. నేడు దానికి ఇతరకారణములు పెక్కు చేరినవి. వాని పాళ్లను సంస్థవారు వెల్లడింపరు.

ప్రశ్న యొక్కటే యైనను, అడుగువాని యూరు, అతడెన్నుకొన్న భాష, చేతిలోనిది ఫోనా కంప్యూటరా యను దానినిబట్టి వరుస మారవచ్చును. 2009 డిసెంబరులో గూగుల్, ఖాతాలో ప్రవేశింపనివారికి సయితము పూర్వశోధనలనుబట్టి ఫలితములను సవరించుట ఆరంభించినది. తన వెబ్‌సైటును దినమునకు పదిమార్లు తెఱచు సంపాదకునకు అదియే పైన కనబడినచో ఆశ్చర్యము లేదు; అద్దమున తన ముఖమే కదా కనబడును! ఈ విషయమున సంపాదకుని కంటిసాక్ష్యము మిక్కిలి దుర్బలమని నా యభిప్రాయము.

ఇంతకంటె నమ్మదగిన మార్గములు రెండు కలవు. మొదటిది, నియమించుకొన్న ఊరినుండి నియతకాలమున అవే పదములనడిగి స్థానములను వ్రాసిపెట్టు ఉపకరణములు. వీనిలో ననేకము, ఒక్కమారే 100 ఫలితములను తెప్పించుకొను సౌకర్యముపై ఆధారపడియుండెను. 2025 సెప్టెంబరులో గూగుల్ ఆ సౌకర్యమును తొలగించినది. కావున ఆ మాసమునకు ముందు లెక్కలను తరువాతివానిని ఒకే వరుసలో పోల్చువారు ఎచ్చరికతో నుండవలయును.

రెండవది, వెబ్‌సైటు యజమానులకు గూగుల్‌వారే ఉచితముగా నిచ్చు సెర్చ్ కన్సోల్ అను నివేదిక. ఏ ప్రశ్నకు మన పుట ఎన్నిమార్లు కనబడినది, ఎన్నిమార్లు తెఱవబడినది, సగటున ఏ స్థానమున నుండినది యను వివరములు ఇందు 16 మాసములవఱకు దొరకును. ఈ "సగటు స్థానము" అను మాటయే పలువురను భ్రమపెట్టునది. సగటు కట్టునది పుట కనబడిన సందర్భములకే. కనబడని సందర్భములు లెక్కకు రావు. ఊహకై యొక నిఘంటువును తీసికొందము. ఒక మాసమున 'శబ్దరత్నాకరము' అను ప్రశ్నకు అది 100 మార్లు 2వ స్థానమున కనబడినది. సగటు 2. మరుసటి మాసమున ఆ నూఱును అట్లేయుండగా, నిఘంటువులోపలి ఆరోపములు సూచికకెక్కి, అరుదైన పదములకు మఱి 100 మార్లు 42వ స్థానమున కనబడినది. ఇప్పుడు సగటు 22! అంకెను మాత్రమే చూచువాడు నిఘంటువు దిగజారినదని వాపోవును. జరిగినది వృద్ధి. అంతకుముందు ఎవరికిని కనబడని ఆరోపములు కొందఱి కంటనైన పడినవి. ఇదిగాక, బహుకొద్దిమంది యడిగిన ప్రశ్నలను వ్యక్తిగోప్యతకై ఈ నివేదిక చూపదు. ప్రాచీనపదములను వెదకువారు కొద్దిమందియే గనుక ఈ లోపము మనవంటివారినే యెక్కువగా బాధించును.

తెలుగు విషయమున అసలు చిక్కు పదరూపమునందున్నది. 'శబ్దరత్నాకరము' అని వెదకువారును, 'శబ్దరత్నాకరం' అని వెదకువారును కలరు. 'వేఱు', 'వేరు' అనునవి యంత్రమునకు వేర్వేఱు అక్షరపంక్తులు. అరసున్నతోడి 'వాఁడు', అది లేని 'వాడు' అట్టివే. యూనికోడునందు ఱకారమునకు, అరసున్నకు వేఱువేఱు సంఖ్యలున్నవి. 'సాఫ్ట్‌వేర్' వంటి పదములలో అక్షరములు కలిసిపోకుండ ఆపు కంటికి కనబడని గుర్తొకటి నడుమ నుండుటయు కలదు. తెలుగును రోమను లిపిలో వ్రాసి వెదకువారి వర్ణక్రమము ఒకరిదొకరికి కుదురదు. వీనిలో కొన్నిటిని యంత్రము తానై సమన్వయించును, అన్నిటిని కాదు. ఏది సమన్వయించునో రూపమునకు రూపము అడిగి చూచిననే తెలియును. కాబట్టి ఒక్క రూపమునకు స్థానము చూచి పదమునకంతకు ఆరోపించుట, ఒక్క ప్రతిని చూచి కావ్యపాఠమును నిర్ణయించుటవంటిది.

పరిష్కర్త తాళపత్రప్రతిని వర్ణించునపుడు అది యెచటిది, ఎన్ని పత్రములు, ఎచ్చట శిథిలము అని వ్రాయును గదా. స్థానమును నమోదు చేయునపుడును పదరూపము, తేది, ఊరు, యంత్రము, ఖాతాలో నుండుట లేకుండుట, ఉపకరణము అనువానిని సంఖ్యప్రక్కనే వ్రాసికొనవలయును. ఎన్ని ఫలితములవఱకు చూచితిమో అదియు చేర్పవలయును. 'దొరకలేదు' అనుమాటకు అది లేనిదే అర్థము లేదు.

దొరకకుండుటకు కారణములును ఒక్కటిగావు. పుట సూచికకే యెక్కకపోవచ్చును. దీనిని సెర్చ్ కన్సోల్‌లో ఆ పుట చిరునామా నిచ్చి తెలిసికొనవచ్చును. ఎక్కియు అడుగున నుండవచ్చును. తాళపత్రములను ఛాయాచిత్రములుగా మాత్రమే యుంచి పాఠము జతపఱుపనిచో, అందలి పదములకు స్థానమను ప్రసక్తియే లేదు. అట్టిచోట నమోదుపట్టికలో '100కు పైన' అని వ్రాయక, 'పాఠము ఎక్కింపబడలేదు' అని వ్రాయుట యుక్తము.