సర్వర్‌కి ఏ స్విచ్? ముందు లెక్క చెప్పండి

విశాఖలో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి. వీరపునాయునిపల్లె నుంచి ప్రొద్దుటూరుకో, పులివెందులకో బస్సెక్కి ఇంజినీరింగ్ చదువుతున్న మీకు ఇందులో ఏముంది అంటారా? డేటా సెంటర్‌కి కోడింగ్ వాళ్లొక్కరే చాలరు. సర్వర్లను కలిపే స్విచ్‌లు, కేబుళ్లు తెలిసినవాళ్లూ కావాలి.

అలాంటి ఇంటర్వ్యూకి వెళ్తే ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: ‘నలభై సర్వర్లున్నాయి, ఏ స్విచ్ తీసుకుంటావ్?’

టక్కున బ్రాండ్ పేరు చెప్పారో, దొరికిపోయినట్టే. సర్వర్లో ఏ డిస్క్ ఉందో మీరే ఎదురు అడగండి. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 200 మెగాబైట్లు చదువుతుంది. బైటుకు 8 బిట్లు కాబట్టి 1.6 గిగాబిట్లు. అంటే 1 గిగాబిట్ పోర్టును ఒక్క డిస్కే నింపేస్తుంది. 3 గిగాబైట్లు చదివే ఎన్‌వీఎంఈ అయితే 24 గిగాబిట్లు. దానికి 10 గిగాబిట్ పోర్టు కూడా చాలదు, 25 చూడాలి. 1 టెరాబైట్ బ్యాకప్‌కి 1 గిగాబిట్ లింకులో రెండుంపావు గంటలు పడితే, 10 గిగాబిట్‌లో పావుగంట కూడా పట్టదు.

తర్వాత అప్‌లింక్ చూడండి. చాలామంది తడబడేది ఇక్కడే. 25 గిగాబిట్ పోర్టులు 48 ఉంటే మొత్తం 1,200. స్విచ్ నుంచి పైకి వెళ్లే 100 గిగాబిట్ పోర్టులు నాలుగే అయితే 400. నిష్పత్తి 3:1. దీన్నే ఓవర్‌సబ్‌స్క్రిప్షన్ అంటారు. వెబ్ సర్వర్లన్నీ ఒకేసారి పూర్తి వేగంతో పంపవు కాబట్టి వాటికి ఇది నడిచిపోతుంది. ఏఐ ట్రైనింగ్‌లో జీపీయూలన్నీ ఒక్కసారే డేటా మార్చుకుంటాయి. అక్కడ 1:1కి దగ్గరగా ఉండాలి. పండగ రోజు బస్టాండు నుంచి బస్సులన్నీ ఒకే గేటులో బయటికి రావాలంటే ఏమవుతుందో మీకు తెలిసిందే.

ఇంకో మెలిక: ‘రెండు 10 గిగాబిట్ లింకులు కలిపితే 20 వస్తుందా?’ మొత్తం మీద వస్తుంది. మామూలుగా ఒక్క ఫైల్ కాపీ మాత్రం ఒకే లింకులో పోతుంది, 10 దాటదు.

కేబుల్ సంగతి తేలిక. ఒకే ర్యాకులో రెండు మూడు మీటర్లకు డ్యాక్ రాగి కేబుల్ చవక. దూరమైతే ఫైబర్.

ప్రాక్టీసుకి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. గిగాబిట్ పోర్టులున్న రెండు ల్యాప్‌టాప్‌లను కేబుల్‌తో కలిపి, ఉచితంగా దొరికే ఐపెర్ఫ్3 నడపండి. 940 మెగాబిట్ల దగ్గర రావాలి. 95 దగ్గరే ఆగిందా? కేబుల్లో నాలుగు జతలూ సరిగ్గా క్రింప్ అయ్యాయో లేదో చూడండి. 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి.