పాత నాణెం విలువ కట్టే ముందు...

మన ఇళ్ళలో తాతల నాటి పెట్టె తెరిస్తే పాత దస్తావేజుల నడుమ గుడ్డలో చుట్టిన వెండి రూపాయి కనబడటం వింతేమీ కాదు. చూడగానే రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది ఏనాటిది? ఎంత చేస్తుంది? అంతకంటే ముఖ్యమైన మూడో ప్రశ్న మాత్రం చాలామంది వేసుకోరు. ఇది ఎవరిది? హైదరాబాదు సంస్థానపు ‘హాలీ సిక్కా’ రూపాయిని ఉదాహరణగా తీసుకుని ఈ మూడింటినీ పరిశీలిద్దాం.

గుర్తించడం ఎలా?

నాణెం మీద చార్మినార్ బొమ్మ ఉంటే దాని ద్వారం నడుమ చూడండి. అక్కడ ‘మీమ్’ అక్షరం ఉంటే అది మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలానిది. ‘ఐన్’ ఉంటే 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. పాలకుని పేరులోని మొదటి అక్షరమే అక్కడి గుర్తు.

నాణెంపై ఉన్న సంవత్సరం హిజ్రీ లెక్క. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా తెలుస్తుంది. 1330 హిజ్రీ అంటే దాదాపు 1912.

ఆసఫ్‌జాహీ నాణేలపై ఉర్దూ అంకెల్లో కనిపించే ‘92’ చాలామందిని తికమక పెడుతుంది. అది సంవత్సరమూ కాదు, పాలన ఏడూ కాదు. అబ్జద్ లెక్కలో మీమ్‌కు 40, హేకు 8, మళ్ళీ మీమ్‌కు 40, దాల్‌కు 4. కలిపితే 92. అంటే ‘ముహమ్మద్’ (స) అనే శుభనామం. 1857 తిరుగుబాటు తర్వాత నాణేలపై మొగల్ చక్రవర్తి పేరు పోయి, ఈ అంకె, నిజాం బిరుదులు వచ్చాయి.

ఆ అంకె ఉన్నంత మాత్రాన నాణెం అరుదైనది కాదు. అది ఇంట ఉంటే సిరులు కురుస్తాయని చెప్పి ధర పెంచేవారి మాట నమ్మవద్దు. శుభాన్ని ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే, లోహపు ముక్క కాదు.

ధర దేన్నిబట్టి?

ఈ వెండి రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెండి నూటికి దాదాపు 82 పాళ్ళు. ఇది కనీస ధర మాత్రమే. ఆపైన ఆ సంవత్సరపు నాణేలు ఎంత అరుదు, అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయి అన్నదాన్నిబట్టి ధర పెరుగుతుంది. గొలుసులో వేసుకోవడానికి కొక్కెం అతికించినా, చింతపండుతో తోమినా తగ్గుతుంది. పాత నాణేన్ని తోమకండి. తూకం వేయించండి, ఇద్దరు ముగ్గురు తెలిసినవారికి చూపండి. నూరేళ్ళు దాటిన నాణేన్ని 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఎవరికి వారు విదేశాలకు పంపరాదని గుర్తుంచుకోండి.

అమ్మకంలో ధర్మం

దీని వెల తెలియని వితంతువు నుంచి వెండి ధరకు కొని పదింతలకు అమ్ముకోవడం తెలివితేటలు కాదు. కొనేవారు, అమ్మేవారు నిజం చెప్పి లోపాలు దాచకుండా ఉంటే ఆ బేరంలో శుభం ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. వెండికి వెండి మార్చుకుంటే సరిసమానంగా, చేతికి చేయిగా ఉండాలన్నది కూడా ఆయన ఆదేశమే. కనుక పాత రూపాయి ఇచ్చి, దానికంటే ఎక్కువ బరువున్న వెండి పట్టీలు తీసుకోవడం సరికాదు. నాణేన్ని నగదుకు అమ్మి, ఆ నగదుతో పట్టీలు కొనడం సరైన దారి.

జకాత్ సంగతీ ఉంది. వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు, అంటే సుమారు 612 గ్రాములు. వెండి పాలు ఎక్కువగా ఉన్న నాణెం వెండి కిందికే వస్తుందని హనఫీ ధర్మవేత్తల మాట. ఆ లెక్కన ఇలాంటి రూపాయలు 55 ఉంటే నిసాబ్ నిండుతుంది. ఇంట్లోని ఇతర వెండి, నగదు కూడా కలిపి చూడాలి. మీ లెక్కను ఆలిమ్‌లకు చూపి నిర్ధారించుకోండి.

ఇది ఎవరిది?

తండ్రి పెట్టెలో దొరికిన నాణెం, పెట్టె తెరిచినవాడిది కాదు. అప్పులు, వసీయత్ పోగా మిగిలినది వారసులందరిదీ. తల్లిదండ్రులు వదిలివెళ్ళినది కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీలకూ నిర్ణీత వాటా ఉందని దివ్యఖురాన్ ‘నిసా’ సూరా స్పష్టం చేస్తోంది. ‘ఒక్క రూపాయే కదా’ అని అన్నదమ్ములు జేబులో వేసుకుంటే ఆడబిడ్డ హక్కు కాజేసినట్లే. నాణేన్ని ముక్కలు చేయలేం. కనుక అమ్మి డబ్బు పంచుకోవాలి. లేదా ఒకరు ఉంచుకుని, మిగతావారికి వాటా చెల్లించాలి. ఆ వాటాను వెండి ధర ప్రకారం కాక, నాణేనికి బజారులో పలికే అసలు ధర ప్రకారం కట్టాలి.

అందుకే నాణెం ధర తెలిసిన రోజునే ఆ మాట అక్కాచెల్లెళ్ళకూ చెప్పండి. లెక్క అడగడానికి వాళ్ళు మొహమాటపడవచ్చు. కానీ రేపు అల్లాహ్ సన్నిధిలో ఆ లెక్క అడగక మానరు.