హై వోల్టేజ్‌కి ఇండక్షన్ స్టవ్ ఆగిపోయిందా? పారేసే ముందు ఇది చదవండి!

ఈదురుగాలులు, ఉరుముల వాన.. కరెంటు పోయి వచ్చింది. అంతే, ఇండక్షన్ స్టవ్ ఆన్ కావట్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎండాకాలంలో ఇలాంటి సమస్య వస్తే బోర్డు మొత్తం పోయిందని అనుకోవద్దు.

అసలేం జరుగుతుంది?

ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. లైన్‌లో న్యూట్రల్ తెగితే అది 400 దాకా వెళ్లొచ్చు. చాలా స్టవ్‌ల బోర్డు మీద బిళ్లలా ఉండే ఎంఓవీ ఆ దెబ్బను తను తీసుకుంటుంది. వెంటనే ఫ్యూజ్ కొట్టేస్తుంది. నష్టం అక్కడితో ఆగితే రిపేర్ ఈజీనే.

రిపేర్ ఎలా?

మెకానిక్ ముందుగా మల్టీమీటర్‌తో ఐజీబీటీ, బ్రిడ్జ్ రెక్టిఫైయర్ షార్ట్ అయ్యాయేమో చూస్తారు. అవి బాగుంటే ఎంఓవీ, ఫ్యూజ్ అదే రేటింగ్‌వి మారిస్తే చాలావరకు పని అయిపోతుంది. షార్ట్ అయితే వాటినీ మార్చాలి. తర్వాత డైరెక్ట్‌గా ప్లగ్ పెట్టకుండా సిరీస్ బల్బుతో టెస్ట్ చేయాలి. ఆన్ చేయగానే బల్బు ఫుల్లుగా వెలిగి అలాగే ఉండిపోతే ఇంకా షార్ట్ ఉన్నట్టే.

ఈ తప్పులు చేయొద్దు!

* ఫ్యూజ్ బదులు వైరు ముక్క పెట్టొద్దు. ఈసారి హై వోల్టేజ్ వస్తే మంటలు లేవొచ్చు.
* ప్లగ్ తీసిన వెంటనే లోపల చెయ్యి పెట్టొద్దు. కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు. షాక్ ప్రాణాల మీదకు తెస్తుంది.

లైట్లు ఉన్నట్టుండి మరీ ఎక్కువగా వెలుగుతుంటే వెంటనే మెయిన్ ఆఫ్ చేసి, విద్యుత్ సంస్థ నంబర్ 1912కి కాల్ చేయండి.