వార్తల్లో పదం: టైనీ ఓఎస్

వైర్‌లెస్ సెన్సర్లను గూర్చి వ్రాయువారిలో పలువురు ఏదో యొకచోట తలచు నామమిది. ఆ సెన్సరు అఱచేతిలో నిముడు పరికరము. దాని కాహారమంతయు రెండు పెన్సిల్ బ్యాటరీలే. మైకా అను నమూనాలో తాత్కాలిక స్మృతి 4 కిలోబైట్లు మాత్రమే. ఇట్టి యల్పప్రాణికి పెద్ద కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ మోయరాని భారము గావున, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున డేవిడ్ కల్లర్ బృందము, 2000 ప్రాంతమున, టైనీ ఓఎస్ అను ఈ చిన్న ఆపరేటింగ్ సిస్టమును నిర్మించినది.

దీని విశేషము పరిమాణమున కంటె కూర్పునందే యున్నది. ఉష్ణోగ్రతను కొలుచుట, సందేశమును పంపుట, గడియారమును నడపుట అను పనులు వేఱువేఱు భాగములై, ఒక్కొక్కటియు తానేమి యొసగునో, ఇతర భాగములనుండి యేమి కోరునో ముందుగనే ప్రకటించును. వానిని నెస్‌సీ అను భాషలో, తీగలు కలిపినట్లు, కలుపుకొన్నచో కావలసినంత సాఫ్ట్‌వేరే సిద్ధమగును గాని అనవసరమైనది పరికరము నెక్కదు. రేడియో మాఱినను, దానికి సంబంధించిన క్రింది భాగమును మార్చిన చాలును. పైనున్న ప్రోగ్రామును మరల మొదటినుండి వ్రాయ నక్కఱలేదు. ఒకరు శ్రమించి వ్రాసినది వేఱొకరి కక్కఱకు వచ్చుటయే, నా దృష్టిలో, దీని నిజమైన ఘనత.

2002లో అమెరికాలోని మెయిన్ తీరమున, గ్రేట్ డక్ ద్వీపమందు, పెట్రెల్ అను సముద్రపక్షుల బొరియలలోను పరిసరములందును టైనీ ఓఎస్‌తో నడచు ఇట్టి పరికరముల నమర్చి, మనుష్యుల యలికిడికి బెదరి పక్షులు గూళ్లు విడువకుండ, అచటి వేడిని, తేమను శాస్త్రజ్ఞులు దూరమునుండియే గ్రహించిరి. పొరుగు పరికరములు తన మాటనే పలుకుచున్నచో తాను మౌనము వహించి బ్యాటరీని కాపాడుకొను ట్రికిల్ పద్ధతి, టైనీ ఓఎస్ కృషినుండియే 2004లో వెలువడి, 2011లో ఆర్ఎఫ్‌సీ 6206గా ఇంటర్నెట్ ప్రమాణములలో చేరినది.