మీకు తెలుసా? టైరు పక్కన బుడిపె లేస్తే మార్చాల్సిందే!

● కారు టైరులో నేలను తాకే భాగం కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. పక్క భాగానికి, అంటే సైడ్‌వాల్‌కు, ఆ రక్షణ లేదు. సాధారణంగా అక్కడ ఉండేది ఒకటి రెండు పొరల పాలిస్టర్ దారాలే.

● గుంతలో చక్రం దబ్బున పడితే రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య సైడ్‌వాల్ నలిగి ఆ దారాలు తెగుతాయి. తెగిన చోట లోపలి గాలి రబ్బరును బయటికి తోస్తుంది. అదే బుడిపె. ఎంత చిన్నదైనా అది హైవే మీద పేలిపోవచ్చు. వెంటనే స్టెప్నీ వేసుకోండి.

● వేలితో తడిమి చూడండి. బయటికి పొంగకుండా, లోపలికి సన్నటి గాడిలా మాత్రమే తగిలితే అది సాధారణంగా పొరలు అతికిన చోటు. దానితో భయం లేదు.

● రబ్బరు పైపైన గీసుకుపోతే పరవాలేదు. కోతలోంచి దారాలు కనిపిస్తే టైరు మార్చాల్సిందే.

● సైడ్‌వాల్‌లో మేకు దిగితే ప్యాచ్ వేయించొద్దు. చక్రం తిరిగే ప్రతిసారీ ఆ భాగం వంగుతుంది కాబట్టి అతుకు నిలవదు. నేలను తాకే భాగం మధ్యలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే పంక్చర్ మరమ్మతు.

● కొత్త టైరు కొనేటప్పుడు సైడ్‌వాల్ మీది నాలుగంకెలు చదవండి. 2423 అంటే 2023లో 24వ వారం తయారీ. అదే ఇరుసుకు రెండో వైపున్న టైరు బాగా అరిగిపోయి ఉంటే జతగా మార్చడం మేలు.

టైరు ఖర్చు ప్రాణం కంటే ఎక్కువ కాదు.